మత్సుయ్ సుమాకో రంగస్థల జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ నాటకం గురించి నలుగురు మాట్లాడుకుంటుండగా సుమాకో పేరు వస్తే, మాట నేరుగా ఆమె మరణం మీదకు వెళ్లిపోతుంది. ప్రేమించినవాడు పోయిన రెండు నెలలకు తానూ పోయిన నటి అని ఒక్క ముక్కలో కథ చెప్పేస్తారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ రెండు నెలలకు ముందు దాదాపు ఎనిమిదేళ్ల పని ఉంది. నన్ను అడిగితే చెప్పుకోవలసింది ఆ పని గురించే. అందుకే మరణం ప్రశ్నను చివరికి నెట్టాను.

జపాన్ వారి పద్ధతిలోనే ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాశాను.

ఎవరీ సుమాకో?

మత్సుయ్ సుమాకో రంగస్థలం కోసం పెట్టుకున్న పేరు. అసలు పేరు కొబయాషి మసాకో. 1886లో నగానో ప్రాంతంలో మత్సుషిరో దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. ఒకప్పటి సమురాయ్ కుటుంబం, తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరి అమ్మాయి. చిన్నప్పుడే బంధువుల ఇంటికి దత్తత వెళ్లి, పెంపుడు తండ్రి పోయాక మళ్లీ కన్నవారింటికి వచ్చారు. కొద్ది రోజులకే కన్నతండ్రీ పోయారు. 1902లో టోక్యోలో అక్క దగ్గరకు చేరారు. అక్క అత్తవారిది మిఠాయి దుకాణం. సుమాకో అక్కడ పనికి సాయపడుతూ కుట్టుపని నేర్చుకున్నారు. మరుసటి ఏడాది పెళ్లయింది, ఏడాది తిరగకుండానే ఆ కాపురం ముగిసింది. 1908లో సొంత ప్రాంతానికే చెందిన ఒక ఉపాధ్యాయుడిని రెండో పెళ్లి చేసుకున్నారు. ఆయనకు నటుల శిక్షణాలయంతో సంబంధం ఉండేది. నాటకం గాలి ఆమెకు తగిలింది ఆ దారినే.

ఇందులో ఎక్కడా కళాకారుల వంశం లేదు, చిన్ననాటి సంగీత పాఠాలు లేవు, గెయిషా (విందుల్లో ఆటపాటలతో అలరించే వృత్తి కళాకారిణి) శిక్షణ లేదు. ఇరవై మూడేళ్ల వయసులో, ఒక విడాకుల తరువాత, మొదటి పాఠం నుంచి మొదలుపెట్టిన మనిషి ఆమె.

అప్పటిదాకా జపాన్‌లో ఆడవాళ్లు నాటకాలు వేయలేదా?

వేశారు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీకి నాంది పలికిందే ఒక స్త్రీ బృందం. 1629లో ప్రభుత్వం స్త్రీలను వేదిక మీద నుంచి నిషేధించింది. వారి స్థానంలో కుర్రాళ్లు వచ్చారు, వారినీ 1652లో నిషేధించారు. చివరికి ఎదిగిన మగవారే ఆడ వేషాలు కట్టే పద్ధతి స్థిరపడింది. ఆ వేషధారులను ‘ఒన్నగతా’ అంటారు. మోకాళ్లు దగ్గరగా పెట్టి, పాదాల వేళ్లు లోపలికి తిప్పి నడవడం, భుజాలు కిందకి దించి ఒంటిని సన్నగా చూపించడం, గొంతును పైస్థాయిలో నిలపడం తరతరాలుగా నేర్చుకుని నేర్పిన విద్య. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి పెద్దలు చెప్పగా విన్న తెలుగువారికి ఈ విద్య ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. రెండున్నర శతాబ్దాల పాటు మగవారు దిద్దిన రూపమే ‘వేదిక మీది స్త్రీ’ అయి కూర్చుంది. నిజమైన స్త్రీ వచ్చి నిలబడితే ‘ఈమె ఆడదానిలా లేదే’ అనిపించే పరిస్థితి! మీజీ చక్రవర్తి కాలంలో (1868–1912) ఆంక్షలు సడలాయి. కవకామి సదయక్కో అనే మాజీ గెయిషా భర్త బృందంతో 1899లో అమెరికా వెళ్లి అక్కడ నటిగా పేరు తెచ్చుకున్నారు, 1908లో టోక్యోలో నటీమణులకు శిక్షణాలయం పెట్టారు. కనుక సుమాకోను ‘జపాన్ తొలి నటి’ అంటే సదయక్కోకు అన్యాయం చేసినట్టే. ఆధునిక పాశ్చాత్య తరహా నాటకంలో, అంటే ‘షింగెకీ’లో, తొలి పెద్ద తార అంటే సరిపోతుంది.

పరిస్థితి ఎలా ఉండేదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1909 నవంబరులో దర్శకుడు ఒసనాయ్ కవోరు ‘స్వేచ్ఛా నాటకశాల’ నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘జాన్ గాబ్రియేల్ బోర్క్‌మన్’ ప్రదర్శించింది. జపాన్ ఆధునిక నాటకానికి అదొక మైలురాయి. అందులో స్త్రీ పాత్రలు వేసినవారు కబుకీ నటులు, మగవారు.

ముక్కుకు శస్త్రచికిత్స చేయించుకున్నారని అంటారు. నిజమేనా?

నిజమే. నటుల శిక్షణాలయంలో చేరబోతే ముక్కు చప్పిడిగా ఉంది, వేదికకు పనికిరాదు అన్నారట. దాంతో ముక్కు దూలంలోకి పారాఫిన్ మైనం ఎక్కించే చికిత్స చేయించుకున్నారు. అప్పటి వైద్యంలో అదొక కొత్త పద్ధతి, ప్రమాదకరమైనది కూడా. ఆ మైనం కుదురుగా ఉండక తరువాత వాచి నొప్పి పెట్టేదని చెబుతారు.

దీన్ని చాలామంది వింత వార్తలా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. పాశ్చాత్య పాత్రలు వేయాలంటే ముఖం పాశ్చాత్యంగా ఉండాలన్న నమ్మకం ఆ కాలంలో ఎంత బలంగా ఉండేదో ఈ ఒక్క చికిత్స చెబుతుంది.

ఆమె ఎక్కడ శిక్షణ పొందారు? ఏమి నేర్పేవారు?

1909లో త్సుబోఉచి షోయో నడిపిన ‘బుంగెయ్ క్యోకాయ్’ (సాహిత్య, కళా సంఘం) నాటక శిక్షణాలయంలో చేరారు. త్సుబోఉచి వసేదా విశ్వవిద్యాలయ ఆచార్యులు. తరువాతి కాలంలో షేక్‌స్పియర్ నాటకాలన్నిటినీ జపనీస్‌లోకి తెచ్చిన పండితులు. ఆడ, మగ విద్యార్థులను ఒకే తరగతిలో కూర్చోబెట్టి నటన నేర్పించడం ఆ రోజుల్లో సాహసమే. అందుకే నడవడి విషయంలో ఆయన నియమాలు చాలా కఠినంగా ఉండేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

పాఠాల్లో షేక్‌స్పియర్, ఇబ్సెన్ ఉండేవారు, పుస్తకాలు ఆంగ్లంలో. తోటి విద్యార్థుల్లో వసేదాలో చదివినవారు ఉన్నారు. సుమాకో చదువు అంతంతమాత్రం. ఆంగ్ల పదాల పక్కన కానా (జపనీస్ ఉచ్చారణ లిపి) అక్షరాలతో ఉచ్చారణ రాసుకుని, వాటినే బట్టీ పట్టి తరగతికి వెళ్లేవారని చెబుతారు. ఇంటి పని వెనకబడింది, భర్తతో తగాదాలు వచ్చాయి, 1910లో రెండో పెళ్లి కూడా విడాకులతో ముగిసింది. వంట మానేసి పాఠం చదువుకున్న ఆడది అని అప్పట్లో ఆడిపోసుకున్నారు. ఆ నింద విన్నప్పుడల్లా ఆ కానా అక్షరాల పుస్తకమే నా కళ్లముందు కదులుతుంది.

మొదటి పెద్ద పాత్ర ఏది?

1911 మేలో ‘హామ్లెట్’లో ఒఫీలియా. అనువాదం త్సుబోఉచిది, హామ్లెట్‌గా దోయి షుంషో. వేదిక టోక్యో ఇంపీరియల్ థియేటర్. ఆ ఏడాది మార్చిలోనే తెరిచిన కొత్త భవనం, పాశ్చాత్య తరహాలో అంతా కుర్చీలే. పిచ్చెక్కిన ఒఫీలియా పాడే ఘట్టంతో సుమాకో పేరు బయటకు వచ్చింది.

నోరా పాత్ర ఎందుకంత సంచలనమైంది?

నోరా నాయికగా ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ను షిమమురా హోగెత్సు అనువదించి దర్శకత్వం వహించారు. ఆయన త్సుబోఉచి శిష్యులు, వసేదాలో ఆచార్యులు. 1902 నుంచి 1905 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో, బెర్లిన్‌లో ఉండి అక్కడి నాటకాలు చూసి వచ్చినవారు. 1911 సెప్టెంబరులో శిక్షణాలయం సొంత వేదిక మీద మొదట వేశారు. అప్పుడు ఒకటో అంకం, మూడో అంకం మాత్రమే. నవంబరు చివర ఇంపీరియల్ థియేటర్‌లో రెండో అంకాన్నీ కలిపి పూర్తిగా వేశారు. భర్త హెల్మర్ పాత్ర దోయి షుంషోది.

రెండో అంకం కలిపారంటే నోరాకు టారంటెల్లా నాట్యం కూడా కలిసిందన్నమాట. ఒకసారి ఆ సన్నివేశం ఊహించుకోండి. టపాలపెట్టెలో తన గుట్టు బయటపెట్టే ఉత్తరం ఉంది. భర్త దాన్ని తెరవకుండా ఆపాలి. అందుకోసం నోరా ఇటాలియన్ నాట్యం సాధన చేస్తున్నట్టు నటిస్తూ, నిజంగానే వశం తప్పి, జుట్టు విడిపోయి భుజాల మీద పడుతున్నా ఆగకుండా ఆడుతుంది. కిమోనోలో చిన్న అడుగులు వేయడం, చాప మీద మోకాళ్లు ముడిచి కూర్చోవడం అలవాటైన ఒళ్లు. దానికి బూట్లు తొడిగి, వెడల్పాటి గౌను వేసి, కుర్చీలూ బల్లలూ ఉన్న గదిలో ఈ ఉన్మాదం ఆడించాలి. ముందు చూసి నేర్చుకోవడానికి జపాన్‌లో మరో నోరా లేదు. ఒన్నగతా విద్యలో ఈ కదలికకు పేరు కూడా లేదు.

చివరి అంకంలో దీనికి పూర్తిగా తలకిందులైన పని. నోరా దుస్తులు మార్చుకుని వచ్చి, భర్త ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. కబుకీలో భావం పతాక స్థాయికి చేరితే నటుడు ఒక భంగిమలో బిగుసుకుంటాడు, చప్పట్లు పడతాయి. ఇక్కడ అలాంటి ఆసరా లేదు. ఒక స్త్రీ కూర్చుని వాదిస్తుంది, లేచి వెళ్లిపోతుంది, తలుపు మూసుకుంటుంది. జనం కిక్కిరిశారు. స్త్రీ పాత్రలకు స్త్రీలు పనికొస్తారా లేదా అని ఏళ్లుగా నలుగుతున్న చర్చ ఈ నోరాతో తేలిపోయిందని విమర్శకులు రాశారు.

‘కొత్త స్త్రీ’ అన్న మాటకు ఈ నాటకానికి సంబంధం ఏమిటి?

‘సెయితో’ అనే స్త్రీల పత్రిక మొదటి సంచిక వచ్చింది కూడా 1911 సెప్టెంబరులోనే. 1912 జనవరిలో ఆ పత్రిక నోరా మీద ప్రత్యేకంగా వ్యాసాలు వేసింది. వారంతా నోరాకు జేజేలు పలికారనుకుంటే పొరపాటు. సంపాదకురాలు హిరత్సుకా రైచోకు నోరా ఇల్లు వదలడం తొందరపాటుగా, ఆలోచన పండకముందే వేసిన అడుగుగా తోచింది. ఏదైతేనేం, ‘కొత్త స్త్రీ’ అనే మాట పత్రికల నోట నానింది, సుమాకో ముఖం ఆ మాటకు బొమ్మయింది. ఆమె ఉద్యమకారిణి కారు. పాత్ర చేసిన పనిని నటికి అంటగట్టడం ప్రేక్షకులకు ఎప్పుడూ ఉన్న అలవాటే.

‘మాగ్డా’ నాటకాన్ని ప్రభుత్వం ఎందుకు నిషేధించింది?

జర్మన్ రచయిత సూడర్‌మన్ నాటకం అది. 1912 మేలో టోక్యోలోని యూరకుజా నాటకశాలలో వేశారు. తండ్రి మాట కాదని ఇల్లు వదిలి గాయనిగా పేరు తెచ్చుకున్న కూతురు తిరిగి వచ్చి, ఆయన చెప్పిన పెళ్లికి తల వంచదు. తండ్రి ఆ ఆవేశంలో ప్రాణం విడుస్తాడు. తల్లిదండ్రుల పట్ల భక్తి దేశ నీతికి పునాది అనుకునే హోం శాఖకు ఇది మింగుడుపడలేదు. మరోచోట వేయాలంటే ముగింపు మార్చాలన్నారు. షిమమురా చివర్లో మాగ్డా చేత ‘తప్పు నాదే’ అనే అర్థం వచ్చే మాట చెప్పించి అనుమతి తెచ్చుకున్నారు. అలా ఒక్క వాక్యంతో నాటకం బతికింది. నోరాకు రాని అభ్యంతరం మాగ్డాకు వచ్చింది చూడండి: భర్తను వదిలితే చర్చ, తండ్రిని ఎదిరిస్తే నిషేధం.

బుంగెయ్ క్యోకాయ్ నుంచి ఎందుకు బయటకు వచ్చారు?

షిమమురాతో ప్రేమ. ఆయనకు భార్య, పిల్లలు ఉన్నారు. త్సుబోఉచి నియమాల సంగతి పైన చెప్పాను కదా. 1913లో సుమాకోను సంఘం నుంచి తొలగించారు. షిమమురా సంఘాన్ని, ఆ తరువాత వసేదా ఉద్యోగాన్ని వదులుకున్నారు. కొద్ది కాలానికే సంఘమే రద్దయింది. అదే ఏడాది ఇద్దరూ ‘గెయిజుత్సుజా’ (కళా నాటకశాల) స్థాపించి, సెప్టెంబరులో బెల్జియం రచయిత మేటర్‌లింక్ నాటకం ‘మోన్నా వన్నా’తో మొదలుపెట్టారు.

కచూషా పాట కథ ఏమిటి?

1914 మార్చిలో ఇంపీరియల్ థియేటర్‌లో టాల్‌స్టాయ్ ‘పునరుత్థానం’ నవలకు నాటక రూపం వేశారు. మోసపోయి, చెడిపోయి, చివరికి సైబీరియాకు వెళ్లే కచూషా పాత్ర సుమాకోది. ఆ నాటకంలో షిమమురా ఒక చిన్న పాట పెట్టారు. సాహిత్యంలో ఆయనకు సోమా గ్యోఫు తోడయ్యారు. బాణీ కట్టింది షిమమురా ఇంట్లో ఉంటూ చదువుకున్న నకయామా షింపెయ్ అనే యువకుడు. జపాన్ సంప్రదాయ పాటకూ పాశ్చాత్య పాటకూ మధ్య ఎక్కడో నిలబడే బాణీ అది. ఎవరైనా రెండుసార్లు వింటే పాడుకోగలరు, పాడుకున్నారు కూడా.

క్యోటోకు చెందిన ఓరియెంట్ కంపెనీ ఆ పాటను సుమాకో గొంతుతోనే రికార్డు చేసింది. దాదాపు 20,000 ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. గ్రామఫోను ఉన్న ఇళ్లే తక్కువైన కాలంలో అది మామూలు లెక్క కాదు. జపాన్ ఆధునిక జనాదరణ గీతాల చరిత్ర ఈ పాటతో మొదలవుతుందని చాలామంది రాస్తారు. ఆ రికార్డు ఇప్పటికీ వినవచ్చు. వాద్యాలు లేవు, ఒంటరి గొంతు. శ్రుతి అక్కడక్కడ జారుతుంది. సంగీతం తెలిసినవారు మొహం చిట్లిస్తారేమో గాని, పాట మధ్యలో ఆమె కచూషాగానే ఉన్నారు, గాయనిగా లేరు. విద్యార్థులు పాడకూడదని కట్టడి పెట్టిన బడులు కూడా ఉన్నాయట.

నాటకం జపాన్ అంతటా తిరిగింది. కొరియా, మంచూరియా, తైవాన్, వ్లాదివొస్తోక్ కూడా బృందం పర్యటనల్లో ఉన్నాయి. మొత్తం 444 సార్లు ప్రదర్శించారని లెక్క. అన్నట్టు, జపాన్‌లో అమ్మాయిలు తలకు పెట్టుకునే హెయిర్ బ్యాండ్‌ను ఈనాటికీ ‘కచూషా’ అంటారు. ఆ పేరు ఈ నాటకం నుంచి వచ్చిందన్న మాట ప్రచారంలో ఉంది.

అంటే డబ్బు కోసం కళను అమ్ముకున్నట్టే కదా?

ఆనాటి మేధావులు సరిగ్గా ఈ మాటే అన్నారు. ఇబ్సెన్ వేసినవారు పాటల నాటకాలకు దిగజారారని ఎగతాళి చేశారు.

షిమమురా లెక్క వేరు. పర్యటనల్లో జనం మెచ్చే నాటకాలు వేసి డబ్బు తేవాలి, ఆ డబ్బుతో ప్రయోగాలు చేయాలి. ఇది కేవలం సాకు కాదనడానికి రుజువు ఉంది. 1915లో టోక్యో ఉషిగోమేలో ‘గెయిజుత్సు కురాబు’ అనే సొంత చిన్న నాటకశాల కట్టుకున్నారు. 1916లో అక్కడ టాల్‌స్టాయ్ ‘చీకటి శక్తి’ వేశారు. పాట లేదు, తళుకు లేదు, పాపం చేసి కుమిలిపోయే రష్యా పల్లెటూరి మనుషులు మాత్రమే. బృందం వేసిన వాటిలో అదే ఉత్తమమని అప్పటి విమర్శకులు మెచ్చుకున్నారు. కచూషా టికెట్ల డబ్బు లేకపోతే ఆ చిన్న వేదికా లేదు, ఆ నాటకమూ లేదు. మన పరిషత్తు నాటకాలవారిని అడిగితే ఈ లెక్క ఇంకా బాగా చెబుతారు.

ఆమెతో పనిచేయడం కష్టమని విన్నాం.

కష్టమే. మొండితనం, కోపం, ప్రధాన పాత్రలు తనకే కావాలన్న పట్టుదల. తోటి నటులతో తరచూ తగాదాలు. బృందం నుంచి వెళ్లిపోయినవారిలో సవాదా షోజిరో ముఖ్యులు, ఆయన 1917లో ‘షింకొకుగెకీ’ అనే సొంత సమాజం పెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆమెకు షిమమురా అండ ఉండటం మిగతావారికి మింగుడుపడలేదు, అందులో వారి తప్పూ లేదు. ఇవే గుణాలు మగ నటుడికి ఉంటే ‘పట్టింపు గల కళాకారుడు’ అనేవారు కదా అని కొందరు వాదిస్తారు. కొంత నిజమే. కానీ ఆ వాదనతో ఆమెను మరీ సాధువును చేయనక్కరలేదు.

ఆమె స్వయంగా ఏమైనా రాశారా?

1914లో ‘బొతాన్‌బకే’ అనే పుస్తకం వచ్చింది. ఆ మాటకు ముఖానికి తెల్ల పొడి అద్దుకునే గుండ్రటి మెత్తని కుంచె అని అర్థం. విప్పారిన పియొనీ పువ్వులా ఉంటుంది, అందుకే ఆ పేరు. తన జీవితం, తాను వేసిన పాత్రలు ఇందులోని సంగతులు.

ఆమె మరణం గురించి.

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి జపాన్‌నూ చుట్టుముట్టింది. షిమమురా ఆ జబ్బుతో నవంబరు 5న గెయిజుత్సు కురాబులో కన్నుమూశారు. సుమాకో వేషాలు ఆపలేదు. 1919 జనవరి మొదటి రోజుల్లో యూరకుజాలో ‘కార్మెన్’ ఆడుతున్నారు. జనవరి 5న, షిమమురా పోయి సరిగ్గా రెండు నెలలకు, ఆయన కన్నుమూసిన గెయిజుత్సు కురాబు భవనంలోనే తన ప్రాణం తానే తీసుకున్నారు. వయసు 32. పెద్దలకు, అన్నకు ఉత్తరాలు రాసిపెట్టారు. ఆయన సమాధిలోనే తననూ ఉంచమన్న కోరిక తీరలేదు. గెయిజుత్సుజా కూడా అక్కడితో ఆగిపోయింది.

దీన్ని ప్రేమకథకు అందమైన ముగింపుగా చెప్పేవారంటే నాకు చిరాకు. ఆయన పోవడంతో ఆమెకు తోడు ఒక్కటే పోలేదు. దర్శకుడు, అనువాదకుడు, సమాజం నడిపే మనిషి, బయటి నిందలకు అడ్డుగోడ ఒకేసారి పోయారు. ఎడమొహం పెడమొహంగా ఉన్న బృందం మధ్య రాత్రి రాత్రికీ వేదిక ఎక్కవలసిన స్థితిలో ఆమె మిగిలారు.

ఆమె జీవితం మీద సినిమాలు ఉన్నాయా?

1947లోనే రెండు వచ్చాయి. మిజొగుచి కెంజి తీసినదానిలో తనకా కినుయో, కినుగాసా తెయినొసుకే తీసినదానిలో యమదా ఇసుజు సుమాకోగా వేశారు. రెండింటిలోనూ నాటకం కంటే ప్రేమకే ఎక్కువ చోటు.

నేను జపాన్ నాటకాలేవీ చూడలేదు. ఆమె జాడ నాకు ఎక్కడైనా తగిలి ఉంటుందా?

జపాన్ దర్శకుడు కురొసావా 1952 సినిమా ‘ఇకిరు’ చూశారా? చావు దగ్గరపడిన ముసలి ప్రభుత్వోద్యోగి రాత్రివేళ, మంచు కురుస్తుండగా, పిల్లల పార్కులో ఉయ్యాల మీద కూర్చుని నెమ్మదిగా ఒక పాట పాడుకుంటాడు. జీవితం చిన్నది, ప్రేమించు అని అమ్మాయికి చెప్పే పాట. యోషీ ఇసాము రాసిన ఆ ‘గొండోలా పాట’కు బాణీ కట్టింది మన కచూషా పాట నకయామానే. 1915లో రష్యన్ రచయిత తుర్గేనెవ్ నవల ఆధారంగా గెయిజుత్సుజా వేసిన నాటకంలో దాన్ని మొదట పాడింది సుమాకో.